హైదరాబాద్ నుంచి నాలుగైదు రోజుల విదేశీ ట్రిప్పుకి ఏ బడ్జెట్ ఎయిర్‌లైన్ మంచిది?

మణికొండ_మహి
అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవులకి రెండు రోజులు లీవు కలుపుకుని బ్యాంకాక్ గానీ కౌలాలంపూర్ గానీ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప, మా అమ్మ. ఒకే రోజుకి ఒక ఎయిర్‌లైన్‌లో ఉన్న రేటుకీ ఇంకోదాంట్లో ఉన్న రేటుకీ అసలు పొంతన లేదు. ఎయిర్‌ఏషియాలో తక్కువ చూపిస్తోంది, ఇండిగోలో ఎక్కువ. తక్కువది కొట్టేయమని మా తమ్ముడు అంటున్నాడు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా విమానం ఎక్కడం ఇదే మొదటిసారి, అందుకే ఎటూ తేల్చుకోలేకపోతున్నా. ఈ మధ్య వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

పద్మక్క
మహి గారూ, ముందు ఆ మొదటి పేజీలో కనిపించే రేటుని పక్కన పెట్టేయండి. డబ్బులు కట్టే బటన్ వచ్చేదాకా వెళ్లి, అక్కడ నలుగురికీ కలిపి ఎంత చూపిస్తోందో అది ఒక కాగితం మీద రాసుకోండి. రెండు ఎయిర్‌లైన్లకీ అలాగే చేయండి. నేను మా కాలనీ ఆడవాళ్లని, బంధువుల్ని చిన్న చిన్న గ్రూపులుగా తీసుకెళ్తుంటాను, ప్రతిసారీ ఇదే పని.

ఒక లెక్క చెప్తా, ఇవి నిజం రేట్లు కావు, అర్థం కావడానికే. ఒకదాంట్లో మనిషికి రానూపోనూ 14 వేలు, ఇంకోదాంట్లో 18 వేలు అనుకోండి. నలుగురికి 16 వేల తేడా. కానీ 14 వేల టికెట్‌లో చేతి సంచి ఒక్కటే ఉంటుంది, చెక్-ఇన్ లగేజీ ఉండదు. నలుగురికి రెండు పెద్ద బ్యాగులు తప్పవు కదా, ఒక్కోదానికి ఒక్కో వైపు 2,500 అనుకుంటే రానూపోనూ 10 వేలు. అంటే తేడా 6 వేలకి దిగింది. ఇక ఆ 6 వేలకి మనకి ఏం వస్తోంది, ఏం పోతోంది అన్నది చూసుకోవాలి. వేళ, ఎయిర్‌పోర్టు ఎక్కడ, ఫ్లైట్ క్యాన్సిల్ అయితే ఎవరు ఫోన్ ఎత్తుతారు, ఇవన్నీ.

ఒకే ఎయిర్‌లైన్‌లో కూడా రెండు మూడు రకాల ఛార్జీలు ఉంటాయి, అది గమనించండి. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో ఎక్స్‌ప్రెస్ లైట్ అని ఒకటుంది, దాంట్లో చెక్-ఇన్ బ్యాగు ఉండదు. రేట్లు పోల్చి చూపించే సైట్లలో అదే పైన కనిపిస్తుంది. తీరా బ్యాగులతో కౌంటర్‌కి వెళ్తే అక్కడ కిలోకి కట్టే రేటు ముందే ఆన్‌లైన్‌లో కొన్నదానికంటే చాలా ఎక్కువ. ఏ ఎయిర్‌లైన్ అయినా ఇంతే, బ్యాగు ఇంట్లో కూర్చుని కొనాలి, ఎయిర్‌పోర్టులో కాదు.

చేతిసంచి_చాలు
నేను ఒప్పుకోను అక్కా. నాలుగు రోజుల బ్యాంకాక్‌కి పెద్ద బ్యాగులు ఎందుకు? అక్కడ ఎండ, పలచటి బట్టలు చాలు, ఏ వీధిలో చూసినా లాండ్రీ కొట్టు ఉంటుంది, కిలో లెక్కన ఉతికి ఇస్తారు. తలా 7 కిలోలు అంటే నలుగురికి 28 కిలోలు. ఆరేళ్ల పాపకి కూడా టికెట్ ఉంది కాబట్టి పాప వాటా 7 కిలోలు మీవే. నేనూ మా ఫ్రెండ్స్ ఎప్పుడూ చేతి సంచులతోనే తిరుగుతాం, దిగగానే బెల్టు దగ్గర నిలబడక్కర్లేదు, నేరుగా ఇమిగ్రేషన్, బయటికి.

తక్కువ టికెట్ అంటే తక్కువ రకం విమానం అని కొంతమంది భయపడతారు. అది తప్పు. అవే ఎయిర్‌బస్ ఎ320లు, అటూ ఇటూ మూడేసి సీట్లు. మూడున్నర గంటల ప్రయాణానికి భోజనం, దుప్పటి లేకపోతే ఏమీ కాదు.

పద్మక్క
తమ్ముడూ, కుర్రాళ్లకి నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు సరిపోతుంది, నేనేం కాదనను. కానీ ఆ 7 కిలోలు వెళ్లేటప్పుడు సరిపోతాయి, వచ్చేటప్పుడు సరిపోవు. ఎయిర్‌ఏషియా దిగే బ్యాంకాక్ ఎయిర్‌పోర్టు డాన్ ముయాంగ్‌లో బోర్డింగ్ గేటు దగ్గర తూకం మిషన్ పెట్టుకుని నిలబడతారు, ప్రతిసారీ కాదు, పెట్టినప్పుడు మాత్రం ఎవర్నీ వదలరు. మా గ్రూపులో ఒకావిడ ముందు నిలబడిన కుటుంబం, ఆ నేల మీదే బ్యాగు తెరిచి, జీన్సు ప్యాంటు మీద ఇంకో జీన్సు వేసుకుని, పిల్లాడి జేబుల్లో డ్రై ఫ్రూట్స్ ప్యాకెట్లు కుక్కి, అయినా కిలోన్నర ఎక్కువ వచ్చి, చివరికి కార్డు తీసి కట్టారు. పిల్లాడు ఏడుపు, వెనకాల క్యూ. పెద్దావిడ పక్కనుండగా ఆ టెన్షన్ ఎందుకు? వెళ్లేటప్పుడు చేతి సంచులు, వచ్చేటప్పటికి ఒకే ఒక 20 కిలోల బ్యాగు ముందే కొనుక్కోండి. రెండు వైపులకీ ఒకే రకంగా కొనాలని రూలేం లేదు.

ఇంకోటి, ఎయిర్‌ఏషియా 7 కిలోలు అంటే చేతి సంచి, భుజానికి వేసుకునే చిన్న బ్యాగు రెండూ కలిపి. స్కూట్‌లో 10 కిలోలు ఇస్తారు. కొలతలు కూడా చూసుకోండి, బరువు సరిపోయినా సైజు దాటితే ఆపుతారు.

వైజాగ్_వాసి
మాకు ఇంత ఎంచుకునే భాగ్యం లేదండి. వైజాగ్ నుంచి చాలాకాలంగా నిలకడగా ఉన్నది సింగపూర్ ఒక్కటే, ఒకప్పుడు సిల్క్ఎయిర్, తర్వాత దాని స్థానంలో స్కూట్. 2024లో బ్యాంకాక్‌కి, కౌలాలంపూర్‌కి ఎయిర్‌ఏషియా సర్వీసులు మొదలైనప్పుడు ఊరంతా సంబరపడ్డాం. కానీ చిన్న ఎయిర్‌పోర్టుల నుంచి విదేశీ రూటు అంటే ఎప్పుడూ అనుమానమే. విజయవాడ-సింగపూర్ చూడండి, 2018 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం నష్టం భరిస్తానంటే ఇండిగో మొదలుపెట్టింది, ఆ సాయం ఆగాక 2019లో ఆగిపోయింది, మళ్లీ 2025 నవంబరుకి గానీ రాలేదు. అందుకే వారానికి రెండు మూడు రోజులే నడిచే రూట్లో ఐదారు నెలల ముందు బుక్ చేసేవాళ్లు, అది తీసేస్తే ఏం చేయాలో ఆలోచించి పెట్టుకోండి. రోజూ ఉండే ఫ్లైట్ ఒకటి క్యాన్సిల్ అయితే మర్నాడు పంపిస్తారు. వారానికి మూడే అయితే రెండ్రోజులు అక్కడే, హోటలు ఖర్చు, ఆఫీసులో లీవు, అన్నీ మన నెత్తినే.

మహి గారూ, మీకు హైదరాబాద్ నుంచి అన్నీ ఉన్నాయి, మీరు అదృష్టవంతులు.

సింగపూర్_సుబ్బు
వైజాగ్ అన్న చెప్పినదానికి ఒక ముఖ్యమైన మాట కలుపుతాను, ఎందుకంటే ఇక్కడ సింగపూర్ ఎయిర్‌పోర్టు చాంగీలో మనవాళ్లు ఇబ్బంది పడటం చూశాను. వైజాగ్ నుంచి సింగపూర్ దాకా స్కూట్ ఒక టికెట్, సింగపూర్ నుంచి బాలికి ఇంకో ఎయిర్‌లైన్ వేరే టికెట్, ఇలా విడివిడిగా చవకగా వచ్చాయని కొనేస్తారు. చెక్-ఇన్ బ్యాగు వేస్తే అది సింగపూర్‌లో బెల్టు మీదికి వస్తుంది, దాన్ని తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, దాటాలంటే మన పాస్‌పోర్టుకి సింగపూర్ వీసా కావాలి. వైజాగ్ కౌంటర్‌లోనే ఆపేసే అవకాశం ఉంది. అదే మొత్తం ఒకే బుకింగ్ నంబరు మీద తీసుకుంటే బ్యాగు నేరుగా బాలి వెళ్తుంది, మనం లోపలే ఉండి గేటు మారితే చాలు.

కౌలాలంపూర్‌లో ఈ గొడవ కొంచెం తక్కువ. 2023 డిసెంబరు నుంచి మనకి మలేషియా 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది. విడి టికెట్లయినా బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లొచ్చు, కాకపోతే ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు, అంటే మన ప్రయాణ వివరాల ఫారం, నింపి ఉండాలి. అది ఉచితం, డబ్బులు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. మధ్యలో కనీసం ఐదారు గంటలు పెట్టుకోండి. ఎయిర్‌ఏషియా టెర్మినల్ 2లో, చాలా పెద్ద ఎయిర్‌లైన్లు టెర్మినల్ 1లో, రెండింటి మధ్య రైలు ఉంది, 2 రింగిట్లు. విడి టికెట్లలో మొదటి ఫ్లైట్ లేటయి రెండోది పోతే రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం ఉండదు, ఆ డబ్బులు పోయినట్టే.

మణికొండ_మహి
చాలా థాంక్స్ అందరికీ. మేం నేరుగానే వెళ్తాం, మారడాలు వద్దు. అయితే ఒక సందేహం. తక్కువ రేటు ఫ్లైట్లన్నీ అర్ధరాత్రి బయల్దేరేవే కనిపిస్తున్నాయి. ఆఫీసు అయ్యాక వెళ్లొచ్చు, లీవు కలిసొస్తుంది అని నేను, అమ్మకి నిద్ర ఉండదు అని మా ఆవిడ. ఏది నయం? బ్యాంకాక్‌లో రెండు ఎయిర్‌పోర్టులు అంటున్నారు, దాంతో ఏమైనా తేడా ఉందా?

బెజవాడ_బాబాయ్
తేడా ఉంది. అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో ఎక్కితే మూడున్నర గంటల ప్రయాణం, బ్యాంకాక్ మనకంటే గంటన్నర ముందు, అంటే దిగేసరికి అక్కడ తెల్లవారుజాము ఐదో ఆరో. హోటల్లో గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు. మధ్యలో ఆ ఎనిమిది గంటలు నిద్రలేని పెద్దావిడని, పాపని పెట్టుకుని ఎక్కడ కూర్చుంటారు? లాబీలో కూర్చోలేక చివరికి ముందు రోజు రాత్రికి కూడా గది తీసుకుంటారు, ఆ డబ్బులు టికెట్‌లో మిగిలినవాటికి చెల్లు. కౌలాలంపూర్ అయితే ఇంకో గంట ముందుకి జరుగుతుంది, మనకీ వాళ్లకీ రెండున్నర గంటల తేడా. కుర్రాళ్లకి ఈ వేళలు వరం. నేను మా మనవడితో వెళ్లినప్పుడు పగటి ఫ్లైటే తీసుకుంటా, నాలుగు వేలు ఎక్కువైనా సరే.

ఎయిర్‌పోర్టుల సంగతి. ఎయిర్‌ఏషియా దిగేది డాన్ ముయాంగ్‌లో, ఊరికి ఉత్తరాన. ఇండిగో దిగేది సువర్ణభూమిలో, తూర్పున. బ్యాంకాక్ ట్రాఫిక్‌లో ఒకదాన్నుంచి ఇంకోదానికి గంట పైనే. డాన్ ముయాంగ్ నుంచి ఎ1 బస్సు మో చిట్ దాకా 30 బాత్, అక్కడ స్కైట్రైన్ ఎక్కొచ్చు, రెడ్ లైన్ రైలు కూడా ఉంది. సువర్ణభూమి నుంచి ఎయిర్‌పోర్టు రైలు ఫాయా థాయ్ దాకా 45 బాత్. పటాయా వెళ్లేవాళ్లకి సువర్ణభూమి దగ్గర. ముందు హోటలు ఎక్కడో తేల్చుకుని, తర్వాత ఫ్లైట్ చూడండి. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు.

థాయ్‌లాండ్‌కి కూడా 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి, చేరే రోజుకి మూడు రోజుల లోపు నింపాలి, ఉచితమే. వీసా లేకుండా ఎన్ని రోజులు ఉండనిస్తారన్నది మారుతూ ఉంటుంది, బుక్ చేసే ముందు వాళ్ల ఎంబసీ సైట్‌లో చూడండి.

అమ్మగారికి వీల్‌చైర్ అడగండి. మొహమాటపడొద్దు. కౌలాలంపూర్ టెర్మినల్ 2లో గేట్ల దగ్గరికి నడక చాలా దూరం, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నరకం. టికెట్ తీసుకునేటప్పుడే పెట్టండి, కనీసం రెండు రోజుల ముందు చెప్పి ఉండాలి, చివరి నిమిషంలో అడిగితే చాలాసేపు కూర్చోబెడతారు. బడ్జెట్ ఎయిర్‌లైన్లు చాలాసార్లు ఏరోబ్రిడ్జికి (టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచే దారి) కాకుండా దూరంగా ఆపుతాయి, బస్సు, మెట్లు ఉంటాయి, మెట్లు ఎక్కలేరని స్పష్టంగా రాయించండి.

కూకట్‌పల్లి_కుమార్
ఎవరూ డబ్బులు వెనక్కి వచ్చే సంగతి మాట్లాడటం లేదు. నాకు ఇది మంట పుట్టించే విషయం. ఒక పోలిక సైట్‌లో వంద రూపాయలు తక్కువని టికెట్లు తీసుకున్నాం, ఎయిర్‌లైన్ వాళ్లు షెడ్యూలు మార్చారు. ఎయిర్‌లైన్‌ని అడిగితే మీరు ఏజెంటు దగ్గర కొన్నారు వాళ్లనే అడగండి అంటారు, ఏజెంటుని అడిగితే ఎయిర్‌లైన్ నుంచి ఇంకా రాలేదు అంటాడు. నెలలు తిరిగాం. అప్పట్నుంచీ నాది ఒకటే మాట, వెతకడం ఎక్కడైనా వెతకండి, కొనడం మాత్రం ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోనో యాప్‌లోనో కొనండి. మీ ఫోన్ నంబరు, మెయిలు వాళ్ల దగ్గరే ఉంటాయి, వేళ మారితే మెసేజ్ నేరుగా మీకే వస్తుంది.

ఇంకోటి. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం, అసలు డబ్బులు వెనక్కి రాని ఆఫర్ టికెట్ అయినా సరే, మనం క్యాన్సిల్ చేసుకుంటే పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు తిరిగి ఇవ్వాలి. క్యాన్సిలేషన్ ఛార్జి కూడా బేసిక్ ఛార్జి, ఫ్యుయెల్ సర్‌ఛార్జి రెండూ కలిపిన దానికంటే మించకూడదు. విదేశీ టికెట్లలో ఆ పన్నులే పెద్ద మొత్తం ఉంటాయి, ఎంతమంది ఆ డబ్బులు అడగకుండా వదిలేస్తున్నారో! కానీ విదేశీ ఎయిర్‌లైన్లకి రీఫండ్ విషయంలో వాళ్ల దేశం నిబంధనలు వర్తిస్తాయి. ఇండిగో, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ లాంటివాటికి, ఎయిర్‌ఏషియా, స్కూట్, వియట్‌జెట్ లాంటివాటికి అక్కడ తేడా ఉంది. ట్రిప్పు అటూ ఇటూ అయ్యే అవకాశం ఉన్నవాళ్లు, అంటే లీవు ఖాయం కానివాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లకి బాగోనివాళ్లు, ఆ తేడాకి కొంత ఎక్కువ పెట్టడం నష్టం కాదు.

డబ్బులు క్రెడిట్ కార్డుతోనే కట్టండి. 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయింది, ముందే టికెట్లు కొన్నవాళ్లు ఎలా తిరిగారో గుర్తుంది కదా. కార్డు అయితే బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బులు వెనక్కి ఇప్పించమని, అడిగే దారి ఒకటి ఉంటుంది. ఎయిర్‌లైన్ తన వ్యాలెట్‌లో క్రెడిట్ వేస్తానంటే వెంటనే సరే అనకండి, గడువు తేదీ చూడండి.

సీతమ్మధార_శిరీష
కుమార్ గారు చెప్పిన సొంత సైట్ మాటకి నా ఓటు. బుక్ చేసేటప్పుడు పేర్ల దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుని మరీ చూడండి. మన తెలుగువాళ్లలో చాలామందికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది, ముఖ్యంగా అమ్మావాళ్ల తరంలో. సైట్ మాత్రం ఇంటిపేరు లేకుండా ముందుకి కదలదు. ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కో పద్ధతి, ఒకరు అదే పేరు రెండుసార్లు రాయమంటారు, ఇంకొకరు వేరేలా రాయమంటారు. ఆ ఎయిర్‌లైన్ సహాయం పేజీలో వెతికి, దాని ప్రకారమే రాయండి, ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. బడ్జెట్ ఎయిర్‌లైన్లలో తర్వాత పేరు దిద్దించడానికి మళ్లీ డబ్బులు.

దుబాయ్ వెళ్లేవాళ్లకి ఇది ఇంకా పెద్ద విషయం. 2022 నవంబరు నుంచి పాస్‌పోర్టులో పేరు ఒకే ఒక్క పదంగా ఉన్నవాళ్లని విజిట్ వీసా మీద యూఏఈ రానివ్వట్లేదు. మా పెద్దమ్మ పాస్‌పోర్టు ఇంటిపేరుతో మార్పించి, అప్పుడు వెళ్లారు.

చేతిసంచి_చాలు
శిరీష గారూ, ఇది బంగారం లాంటి సలహా, మా నాన్న పాస్‌పోర్టు ఇప్పుడే తీసి చూశా, ఇంటిపేరు గడి ఖాళీ.

బ్యాగులు వేసేవాళ్లకి నేను కూడా ఒకటి చెప్తా, మా పిన్నివాళ్లకి పనికొచ్చింది. బ్యాగు విరిగి వచ్చినా, రాకపోయినా, ఎయిర్‌పోర్టు దాటకముందే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు రాయించుకోవాలి. ఇంటికెళ్లి ఫోన్ చేద్దాంలే అనుకుంటే పని కష్టమవుతుంది. చవక టికెట్ కాబట్టి మా బాధ్యత లేదు అని వాళ్లు అనడానికి వీల్లేదు, అంతర్జాతీయ ప్రయాణాలకి మాంట్రియల్ ఒప్పందం ఉంది, భారత్, మలేషియా, థాయ్‌లాండ్, సింగపూర్ అన్నీ అందులో ఉన్నాయి. బ్యాగులకి పరిహారం పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ వాడే లెక్క యూనిట్లు), అంటే సుమారు 2 వేల అమెరికన్ డాలర్లు. పాడైన బ్యాగుకి 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, ఆలస్యంగా వచ్చినదానికి చేతికి వచ్చాక 21 రోజులు. జవాబు ఇవ్వకపోతే మన విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో పెట్టండి.

మణికొండ_మహి
ఇంట్లో కూర్చుని అన్నీ చివరి పేజీదాకా వెళ్లి రాశాం. వెళ్లేటప్పుడు పగటి ఫ్లైట్, వచ్చేటప్పుడు కూడా పగలే, సువర్ణభూమికి, లగేజీ కలిపి ఉన్నది. లెక్కలో తేడా నేను భయపడినంత లేదు. మా తమ్ముడు వాళ్ల ఫ్రెండ్స్‌తో విడిగా చేతి సంచితో డాన్ ముయాంగ్‌కి వెళ్తున్నాడు, వాడికి అదే సరిపోతుంది. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉంది, వీల్‌చైర్ పెట్టేశాం.

ఇక రెండే ప్రశ్నలు. పాపకి, అమ్మకి ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్లొచ్చా? పవర్ బ్యాంకు ఎక్కడ పెట్టాలి?

పద్మక్క
పులిహోర పొడిగా ఉంటుంది కాబట్టి సెక్యూరిటీ దగ్గర సాధారణంగా ఇబ్బంది ఉండదు. పెరుగన్నం, పచ్చడి, సాంబారు చేతి సంచిలో వద్దు, ద్రవాలు, ముద్దగా ఉండేవి 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. ఆవకాయ తప్పదంటే గట్టిగా ప్యాక్ చేసి చెక్-ఇన్ బ్యాగులో. చాలా బడ్జెట్ ఎయిర్‌లైన్లు బయటి తిండి విమానంలో తినొద్దంటాయి, కాబట్టి గేటు దగ్గర కూర్చునే తినిపించేయండి. పాపకి బిస్కెట్లు ఎవరూ కాదనరు. ఖాళీ నీళ్ల సీసా తీసుకెళ్లి సెక్యూరిటీ దాటాక నింపుకోండి, కొన్నిట్లో లోపల నీళ్లు కూడా కొనుక్కోవాలి.

సింగపూర్_సుబ్బు
పవర్ బ్యాంకు చేతి సంచిలోనే, చెక్-ఇన్ బ్యాగులో అస్సలు పెట్టకూడదు. 100 వాట్ అవర్ల దాకా ఫరవాలేదు, మామూలు 20,000 ఎంఏహెచ్‌ది 74 దగ్గర ఉంటుంది, దాని మీద ముద్రించి ఉందో లేదో చూడండి, అంకె చెరిగిపోతే ఆపుతారు. 2025 ఏప్రిల్ నుంచి స్కూట్, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో లోపల దాంతో ఫోన్ ఛార్జ్ చేయనివ్వరు, మిగతావాళ్లూ ఒక్కొక్కరే ఇదే రూలు తెస్తున్నారు. పైన బ్యాగుల అరలో కాకుండా మీ సీటు కింద గానీ ముందు సీటు జేబులో గానీ పెట్టుకోండి. ఇంట్లోనే ఫోన్లు పూర్తిగా ఛార్జ్ చేసుకుని బయల్దేరండి, దిగాక అరైవల్ కార్డు క్యూఆర్ చూపించాల్సింది ఆ ఫోన్‌లోనే కదా, ఎందుకైనా మంచిది, ఒక ప్రింటు కూడా అమ్మగారి పాస్‌పోర్టులో పెట్టండి.